ఆర్గాన్ మంచు కరిగేలోగా హోసూరు పోయి రావాలి

హోసూరు వెళ్తున్నానని తెలిసి మా వీధిలో ఇద్దరు ముగ్గురు గులాబీలు తెమ్మన్నారు. నేను తెచ్చింది గోనెసంచిలో చుట్టిన ఒక పాత నీళ్ళ పంపు. ఊరు చూడ్డానికి పోయిన ప్రయాణం కాదు గనక గుళ్ళు, కొండలు, డ్యాముల గురించి పెద్దగా చెప్పలేను. కానీ ఆ దారిలో నాకు అన్నం పెట్టినవాళ్ళున్నారు, దారి తప్పినప్పుడు దింపి సరైన బస్సు చూపించినవాళ్ళున్నారు. వాళ్ళ గురించి రాయాలి. అంతకంటే ముందు, ఆ మూడు రోజులూ నా ప్రాణం ఎక్కడుందో చెప్పాలి.

తిరుపతి

నేను తిరుపతిలో ఒక యూనివర్సిటీలో ఫిజిక్స్ చెబుతాను. మా ల్యాబులో పెద్ద ప్రెషర్ కుక్కరంత స్టీలు పాత్ర ఒకటి ఉంది. అందులోని గాలంతా తోడేసి, లోపల బిగించిన చిన్న అద్దపు బిళ్ళను మైనస్ రెండు వందల అరవై డిగ్రీల దాకా చల్లబరుస్తాం. దాని మీదికి ఆర్గాన్ వాయువునీ, రవ్వంత సోడియం ఆవిరినీ కలిపి వదిలితే రెండూ మంచులా పేరుకుంటాయి. ఆర్గాన్ దేనితోనూ కలవని వాయువు, వెనకటి బల్బుల్లో నింపేది. ఆ మంచులో సోడియం పరమాణువులు ఒకదానికొకటి దూరంగా, విడివిడిగా ఇరుక్కుని ఉంటాయి.

పాత వీధి దీపాల పసుపు వెలుగు గుర్తుంది కదా, అది సోడియందే. ఆవిరిగా ఉన్నప్పుడు, వెలుగును విడదీసి చూస్తే ఆ పసుపు సన్నని గీత. ఆర్గాన్ మంచులో ఇరుక్కున్న సోడియం మీద లేజరు వేస్తే, దానిలోని ఎలక్ట్రాను పై మెట్టు ఎక్కి, దిగేటప్పుడు పసుపుకు బదులు ముదురు ఎరుపు వెలుగు విడుస్తుంది. పరమాణువు ఎలాంటి చోట ఇరుక్కుందో, దాని చుట్టూ ఎన్ని ఆర్గాన్లు తప్పుకుని చోటిచ్చాయో ఆ వెలుగును బట్టి చెప్పవచ్చు. మా పని అదే.

నా దగ్గర పరిశోధన చేస్తున్న చంద్రికది శ్రీకాళహస్తి. మాట తక్కువ, పని ఎక్కువ. ఆ వెలుగును కొలిచి గీసిన గ్రాఫులో ఎరుపు గుబ్బ పక్కన ఇంకో చిన్న గుబ్బ ఉందని కనిపెట్టింది ఆమే. వేరే రకం చోట్లో ఇరుక్కున్న సోడియం వల్ల అది వస్తోందని మేం రాసి పంపితే, పరిశోధన పత్రికవాళ్ళు అది మురికి అన్నారు. మీ ఆర్గాన్లో నీటి ఆవిరో నైట్రోజనో కలిసి ఉంటుందని తిప్పి పంపారు. చంద్రిక థీసిస్‌లో పెద్ద అధ్యాయం అదే. ఆమెకిచ్చిన గడువు ఒకసారి పొడిగించారు, ఇంక పొడిగించరు. ఆ తర్వాత రెండుసార్లు మంచు పెంచాం, రెండుసార్లూ గుబ్బ రాలేదు. మూడోసారి, మొన్న డిసెంబరు చలిలో, వచ్చింది.

తేల్చుకోవడానికి ఒక మార్గం ఉంది. మంచును కొంచెం వెచ్చబెట్టి మళ్ళీ చల్లబరచాలి. మురికి వల్ల వచ్చిన గుబ్బ అయితే, ఆ కాస్త వేడికి మురికి కదిలి సోడియం దగ్గర చేరుతుంది, గుబ్బ పెరుగుతుంది. చోటు వల్ల వచ్చిందైతే, ఆ చోటు సర్దుకుని గుబ్బ తగ్గుతుంది. అయితే వేడి ఏ మాత్రం ఎక్కువైనా మంచంతా ఆవిరైపోతుంది. కొలతలన్నీ అయ్యాకే ఆ పని చేయాలని చంద్రికకు గట్టిగా చెప్పాను.

కొలతలు సగంలో ఉండగా చల్లని నీళ్ళు తిప్పే చిల్లర్ పంపు పట్టేసింది. మంచును చల్లగా ఉంచే యంత్రానికి ఒక కంప్రెసర్ ఉంటుంది. దాని చుట్టూ చల్లని నీళ్ళు తిరగకపోతే అది వేడెక్కి ఆగిపోతుంది. అది ఆగితే గంటలో మంచు ఉండదు. కొత్త పంపుకు కంపెనీవాళ్ళు వారాలు పడుతుందన్నారు. బెంగళూరులో ఉన్న స్నేహితురాలు ఫోన్లో వెతికి, హోసూరులో గోపాలప్ప అని ఒకాయన ఉన్నాడనీ, విప్పేసిన పాత యంత్రం నుంచి తీసిన అదే రకం పంపు ఆయన దగ్గర ఉందనీ చెప్పింది. అంతవరకూ కొళాయి నీళ్ళతో నడపాలి. క్యాంపస్ పైపులైను మరమ్మతులో ఉండి కొళాయి పొద్దున కాసేపే వస్తోంది. అటెండరు మునెయ్య డ్రమ్ములు నింపాలి, చంద్రిక యంత్రం దగ్గర కూర్చోవాలి. మిగిలింది నేను.

కుప్పం దాటాక

కుప్పంలో బస్సు మారి కృష్ణగిరి బస్సెక్కాను. పక్క సీటావిడ ఒళ్ళో తువ్వాలు పరుచుకుని చిక్కుళ్ళ లాంటి అనపకాయలు ఒలుస్తోంది. నేను మాటిమాటికీ ఫోను తీసి చూడ్డం గమనించి, ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని అడిగింది. మనుషులకేం కాలేదన్నాను. మరి దేనికో ఆవిడ అడగలేదు. ఒక గుప్పెడు కాయలు తీసి నా ఒళ్ళో పోసింది.

మా తెనాలి వైపు చిక్కుడు గింజల్ని తొక్కతోనే వండేస్తాం. ఇక్కడ గింజల్ని రాత్రంతా నానబెట్టి, ఒక్కొక్కదాన్నీ వేళ్ళతో నొక్కి తొక్క జార్చి, లోపలి పప్పుతో కూర చేస్తారట. పితుకుపప్పు అంటారు. అంత ఓపిక మా ఇంట్లో ఎవరికీ లేదన్నాను. చలికాలంలో నలుగురూ మాట్లాడుకుంటూ చేసే పని, అది ఓపికేం కాదందావిడ. దారి పొడుగునా మామిడి తోటలు, మధ్యలో బండలు. తలెత్తి చూసింది తక్కువ, కాయలు ఒలిచింది ఎక్కువ. వేళ్ళకు పని ఉన్నంతసేపూ కాస్త ఊపిరాడింది.

కృష్ణగిరి బస్టాండులో దిగి చంద్రికకు ఫోన్ చేశాను. పది దగ్గరే ఉందని చెప్పింది. పది కెల్విన్, అంటే మైనస్ రెండు వందల అరవై మూడు డిగ్రీలు; మా లెక్కలో మంచు క్షేమమని. ఊరి మీదికి వంగినట్టుండే కోటకొండను అప్పుడు చూశాను. ఇడ్లీ తిన్నాను. రెండిడ్లీకి మూడు చట్నీలు, పైగా సాంబారు ఎంతైనా పోస్తారు. బిల్లు మా ఊళ్ళో కంటే తక్కువే.

హోసూరులో మూసిన షాపు

శూళగిరి దాటి హోసూరు చేరేసరికి ఎండ వాలింది. ఎండ ఉన్నా గాలి చల్లగా కోస్తోంది, శాలువా తెచ్చుకోనందుకు తిట్టుకున్నాను. ఊళ్ళో నాలుగడుగులకొక కొత్త బిల్డింగు. మెస్సుల ముందు తెలుగులో బోర్డులు, ఫ్యాక్టరీ కార్డులు మెళ్ళో వేసుకున్న పిల్లల నోట విజయనగరం తెలుగు, కరీంనగర్ తెలుగు. అంగళ్ళలో వాళ్ళది మాత్రం ఈ ఊరి తెలుగు, తమిళమూ కన్నడమూ కలిసిపోయింది.

గోపాలప్ప షాపు మూసి ఉంది. పక్కన బేరింగులు అమ్మే ఆయన్ను అడిగితే, "వాళ్ళ మనవరాలికి చెవులు కుట్టేది రేపు. బేరిగై పోయినాడమ్మా" అన్నాడు. ఫోన్ చేస్తే మోగుతోంది గానీ ఎత్తడం లేదు. ఎంత దూరమని అడిగాను. బస్సులు చానా ఉన్నాయని చెప్పి ఆయన చెయ్యి చూపించాడు.

నాకు తమిళ అక్షరాలు రావు. జనం ఎక్కుతున్న బస్సులోకి నేనూ ఎక్కేశాను. టికెట్టుకు డబ్బులిస్తే కండక్టరు వద్దని తల ఊపి ఉత్త టికెట్టు ఒకటి చించి ఇచ్చాడు. మా రాష్ట్రంలోలాగే ఇక్కడా ఆడవాళ్ళకు ఊరి బస్సులు ఉచితమే. అది చూసి సంతోషించానే గానీ ఎక్కడికని ఆయన అడిగాడో, నేనేం చెప్పానో పట్టించుకోలేదు. ఊరు దాటి చాలా దూరం వెళ్ళాక, పక్కన నిలబడ్డ అమ్మాయిని బేరిగై ఎంతసేపని అడిగాను.

ఆ అమ్మాయి పేరు సంతోషి, పార్వతీపురం నుంచి వచ్చి ఫోన్ల భాగాలు చేసే ఫ్యాక్టరీలో పనిచేస్తోంది. ఇది దెంకణికోట, అంచెట్టి వైపు పోయే బస్సని, బేరిగై పూర్తిగా అవతలి దిక్కని చెప్పింది. ఆమె గట్టిగా కేకేసి బస్సాపించింది. తన స్టాపు ఇంకా ముందున్నా నాతోపాటు దిగింది, ఎదురు బస్సు వచ్చేదాకా నిలబడింది. తనూ మొదట్లో రెండుసార్లు ఇలాగే అడవి దాకా పోయిందట. ఆ తర్వాత రోజూ బస్సు బోర్డులు చూసే తమిళం చదవడం నేర్చుకుందట. బేరిగై అన్న మాటను నా అరచేతిలో వేలితో రాసి చూపించింది. నేను ఏ పని మీద వచ్చానో చెబితే, ఆ మంచు ఎలా ఉంటుందని అడిగింది. చూడ్డానికి అద్దం మీద పట్టిన ఆవిరిలా ఉంటుంది, అంతే అన్నాను. అంత చిన్నదానికి ఇంత దూరమా అని ఆమె అనలేదు. తన ఫ్యాక్టరీలో కూడా కంటికి కనబడని దుమ్ముకు భయపడి తలనుంచి కాళ్ళ దాకా కప్పుకుని పనిచేస్తామంది.

మళ్ళీ హోసూరు చేరేసరికి చీకటి పడుతోంది. బస్టాండు దగ్గర లాడ్జిలో దిగాను. పడుకునే ముందు చంద్రిక పంపిన మెసేజిలో అదే మాట: పది దగ్గరే ఉంది.

బేరిగై

పొద్దున బాగలూరు మీదుగా బేరిగై బస్సు. ఈసారి అక్షరాలు పోల్చుకుని ఎక్కాను. పొగమంచులో టమాటా తోటలు, క్యాబేజీ మళ్ళు, గులాబీలకు వేసిన తెల్లటి ప్లాస్టిక్ గుడారాలు. కట్టలు కట్టిన మొగ్గల్ని బడికి పోయే పిల్లల్లా వరసగా వ్యానులో నిలబెడుతున్నారు.

గోపాలప్ప ఇల్లు వెతకనక్కరలేదు. వాకిట్లో పందిరి, మైకులో పాటలు. యాభై దాటిన మనిషి, కొత్త పంచె కట్టుకుని అటూ ఇటూ పరుగెడుతున్నాడు. నేనెవరో చెప్పగానే తల పట్టుకున్నాడు. పంపు సంగతి మరిచిపోలేదట, నేను ఎల్లుండి వస్తానని అనుకున్నాడట.

"ఈ పొద్దు షాపు తెరిచేదానికి లేదమ్మా. చెవులు కుట్టి, బంధువులు తిని లేస్తే మధ్యాన్నానికి పోదాము. ఈడ కూర్చోండి" అన్నాడు.

మధ్యాహ్నం దాకా ఆగాలి. కాదని ఏమనగలను? పసిదాని పండగ. ఆ ఇంటి పెద్దావిడ, గోపాలప్ప తల్లి, నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి తన పక్కన కూర్చోబెట్టుకుంది. వాళ్ళ తాతలనాడే ఆంధ్రా నుంచి వచ్చారట. ఏ ఊరో ఆవిడకు తెలియదు. తెనాలి ఎట్లా ఉంటాదని నన్నే అడిగింది. ఇక్కడ చెవులు కుట్టేటప్పుడు మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాడు. మా వైపూ అంతే. అయితే ఇక్కడ ఆ మేనమామ ఊరేగింపుగా పళ్ళాల్లో సారె మోయించుకుని మేళంతో వస్తాడు. మా ఇళ్ళలో అంత హంగు పెళ్ళికే చేస్తారు.

మేళం మోగుతుండగా ఫోను వచ్చింది. ఒక చెవి మూసుకుని పందిరి వెనక్కు పరిగెత్తాను. కొళాయి రాలేదని చెప్పింది చంద్రిక. మునెయ్య ఐసు ఫ్యాక్టరీ నుంచి దిమ్మలు తెచ్చి డ్రమ్ములో వేశాడు, ఆ నీళ్ళే తిప్పుతున్నారు. కంప్రెసర్ వేడెక్కుతోంది. పదిలో ఉన్నది పన్నెండుకు వచ్చింది.

"మేడం, ఇది రేపటి దాకా ఆగేలా లేదు. ఎలాగూ పోయేదైతే, పోయేలోపు నేనే మెల్లగా వెచ్చబెట్టి చూస్తాను."

"వద్దు. నేను వచ్చేదాకా దాన్ని ముట్టుకోకు" అన్నాను.

 సరే మేడం అని పెట్టేసింది.

వచ్చి ఆకు ముందు కూర్చున్నాను. ఒబ్బట్లు వడ్డించారు. మన బొబ్బట్లే, కానీ చేతిలో పట్టుకుంటే జారిపోయేంత పలచన. వాటి పప్పు ఉడికించిన నీళ్ళతో కాచిన ఒబ్బట్టు చారు అన్నంలో పోశారు. తీపీ పులుపూ కారమూ అన్నీ ఉన్న చారు. మామూలు రోజైతే రెండోసారి అడిగి పోయించుకునేదాన్ని. ఆ రోజు ఆకులో సగం వదిలేశాను. పెద్దావిడ నా ఆకు వైపు చూసి, ఆ పంపుతో అంత తొందర పని ఏముందని అడిగింది. పసుపు వీధి దీపాల గురించి, మంచులో ఇరుక్కున్న సోడియం గురించి చేతనైనట్టు చెప్పాను. ఆవిడకు ఎంత ఎక్కిందో తెలియదు. ఆ గదిలో ఒంటరిగా ఉన్న పిల్ల తిన్నాదా అని మాత్రం అడిగింది. నేను ఉదయం నుంచి ఎన్నిసార్లు ఫోన్లో మాట్లాడినా ఆ ఒక్క మాట అడగలేదు.

గోపాలప్ప మాట తప్పలేదు. బంధువులు ఇంకా తాంబూలాలు తీసుకుంటుండగానే పంచె మార్చి వ్యాను తీశాడు. షాపులో పంపు విప్పితే బేరింగు అరిగిపోయి ఉంది. పక్క షాపులో అదే కొలతది దొరక్క, ఊళ్ళో తిరిగి తెచ్చి వేశాడు. మొదటిసారి స్విచ్చు వేస్తే పంపు గీపెట్టింది. మళ్ళీ విప్పి బిగించాడు. సాయంత్రానికి నీళ్ళు ధారగా తోసింది. పని బాగుంటేనే డబ్బులు పంపమ్మా అన్నాడు. వద్దన్నా వినకుండా ఇచ్చేశాను. శనివారం రాత్రి, తిరుపతి పోయే బస్సుల్లో సీటు దొరకలేదు. చంద్రిక మెసేజి: పద్నాలుగు. అన్నం తిన్నావా అని రాశాను. తిన్నాను మేడం అని వచ్చింది. అంతే.

మళ్ళీ కృష్ణగిరి

తెల్లవారగానే బయలుదేరాను. పంపును డిక్కీలో వేయనివ్వక ఒళ్ళో పెట్టుకున్నాను. కృష్ణగిరి ముందు టోల్‌గేటు దగ్గర లారీలు బారులు తీరాయి. బస్సు కదలదు. చంద్రికకు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేశాను. మునెయ్యకు చేస్తే స్విచాఫ్. డ్రైవరు దిగి టీ తాగుతున్నాడు. నడిచి పోదామంటే ఈ బరువు మోయలేను.

ఏం జరిగిందో ఒకటి తర్వాత ఒకటి ఊహించుకున్నాను. కంప్రెసర్ ఆగిపోయింది. మంచు పోయింది. ఆ మాట నాకు చెప్పలేక ఎత్తడం లేదు. లేదా తడి చేతులతో కరెంటు వైరు పట్టుకుంది. ఈ రెండోది తట్టినప్పటినుంచీ మంచు సంగతి మరిచిపోయాను. నేల నిండా నీళ్ళు, డ్రమ్ములు, ఐసు, పక్కనే మూడు ఫేజుల కరెంటు. ఆ పిల్లను ఆ గదిలో వదిలి వచ్చాను. డిపార్ట్‌మెంటు నంబరుకు చేశాను. ఆదివారం, ఎవరూ లేరు.

కృష్ణగిరిలో దిగేసరికి పంపులోంచి నూనె కారి చీర ముందంతా నల్లగా మరకైంది. కుప్పం బస్సులో ఒకావిడ అది చూసి సీటు చివరకు జరిగింది. ఇంకొకావిడ విబూది పెట్టి రుద్దితే పోతాదని తన సంచిలోంచి పొట్లం తీసి ఇచ్చింది. రుద్దాను, పోలేదు.  కుప్పంలో చంద్రికకు ఫోన్ చేశాను, పలమనేరులో చేశాను, చిత్తూరులో చేశాను. మోగుతూనే ఉంది.

ల్యాబు

ఆటో దిగి వరండాలో నడుస్తుండగానే తెలిసింది. కంప్రెసర్ చప్పుడు లేదు. ఎప్పుడూ గుండె కొట్టుకున్నట్టు వినిపించే ఆ టక్ టక్ లేదు.

చంద్రిక లోపలే ఉంది. గచ్చు మీద నీళ్ళు తుడుస్తోంది. నన్ను చూసి లేచి నిలబడింది. ఆమెను చూడగానే పంపు కింద పెట్టి గోడకు ఆనుకున్నాను. ఫోను ఏమైందంటే, రాత్రి డ్రమ్ములో పడిపోయి తీసేసరికి మోగడమే తప్ప తెర పనిచేయడం లేదంది. మునెయ్యను పొద్దునే ఇంటికి పంపేసిందట.

"మంచు పోయింది మేడం" అంది.

"పోనీ" అన్నాను. అప్పుడు నాకు నిజంగా అంతే అనిపించింది.

ఆమె కంప్యూటరు తెర నా వైపు తిప్పింది. తెల్లవారుతుండగా పదిహేను దాటిందట. ఐసు ఫ్యాక్టరీ ఆ రోజు సెలవు. మిగిలిన దిమ్మలతో కంప్రెసర్ ఇంకా ఎంతసేపు నడుస్తుందో అంచనా వేసుకుంది. ఆ కాసేపట్లో మంచును ఇరవైకి వెచ్చబెట్టి, తిరిగి చల్లార్చి కొలిచింది. తర్వాత ఇరవై అయిదు. తర్వాత ముప్పై. ఇరవైలో గుబ్బ చెక్కుచెదరలేదు. ఇరవై అయిదులో సగమైంది. ముప్పై తర్వాత చల్లార్చి చూస్తే లేదు, పక్కనున్న పెద్ద ఎరుపు మాత్రం కొంచెం పెరిగింది. ఆ చివరి కొలత అవుతుండగానే కంప్రెసర్ ఆగింది, మంచు ఆవిరై పాత్రలోని ఒత్తిడి చూపే గేజి ముల్లు ఎగిరింది.

స్టూలు లాక్కుని కూర్చున్నాను. పత్రికవాళ్ళు అడిగేవన్నీ అడిగాను. వేడికి మురికే ఎగిరిపోయి ఉండకూడదా?

"నీళ్ళు ముప్పైలో ఎగరవు మేడం. నైట్రోజన్ సంగతి తెలీదు. కావాలని నైట్రోజన్ కలిపి ఇంకో మంచు పెంచి చూడాలి."

"తెలీదని కూడా రాయి" అన్నాను.

తల ఊపింది. గచ్చు తుడిచే గుడ్డ ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

"మీరు వద్దన్నారు. అయినా చేశాను. మీరే ఇక్కడుంటే చేసేవారు కాదా మేడం?"

ఏదో పెద్దరికంగా చెప్పబోయి ఆగాను. నిజంగా ఆలోచించాను.

"లేదు చంద్రికా. నేనుంటే అది పోతుంటే చూస్తూ కూర్చునేదాన్ని."

ఇది రాసే నాటికి నైట్రోజన్ కలిపిన మంచు పెంచడం అయింది. ఆ గుబ్బ అందులో రాలేదు, అంటే అది నైట్రోజన్ వల్ల వచ్చింది కాదు. ఆ రోజు హీటరు దగ్గర చంద్రికే కూర్చుంది, ఎంత వెచ్చబెట్టాలో, ఎప్పుడు ఆపాలో నన్ను అడగలేదు. నేను పక్క గదిలో క్లాసు చెబుతున్నాను. పిల్లలు రెండుసార్లు నా లెక్కలో తప్పు పట్టుకున్నారు.